ఉబ్బిన బ్యాటరీ గురించి మొరపెట్టుకుంటే ‘పరిష్కారమైంది’ అని మూసేసిన మీ కస్టమర్ కేర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిందని ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోకుండా ఫిర్యాదును మూసేయడం గురించి.

అయ్యా,

నా ఫిర్యాదు పరిష్కారమైందని మీ నుంచి మెయిల్ వచ్చింది. మా సేవ ఎలా ఉందో రేటింగ్ ఇవ్వమని కింద అడిగారు. పరిష్కారమైంది ఏమిటో నాకు అర్థం కాలేదు. లాప్‌టాప్ నా దగ్గరే ఉంది, బ్యాటరీ ఉబ్బే ఉంది, మీ మనుషులెవరూ దాన్ని కళ్లతో చూసింది లేదు. ఫోన్ ఎత్తేవాళ్లకూ చాట్‌లో జవాబిచ్చేవాళ్లకూ చెప్పీ చెప్పీ విసిగిపోయి నేరుగా మీకే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే. అయినా చివరిదాకా చదవండి. ఇప్పటిదాకా నేను రాసింది పూర్తిగా చదివినవాళ్లు మీ దగ్గర ఒక్కరూ నాకు తగల్లేదు.

ముందే ఒక సంగతి చెబుతాను. మీ లాప్‌టాప్‌ను తిట్టడానికి నేను కూర్చోలేదు. వీడియో ఎడిటింగ్ నా బతుకుతెరువు. ఇంత ఖరీదైన మెషీన్ కొనేముందు నాలాంటివాళ్లు మంచీ చెడూ బేరీజు వేసుకునే కొంటారు. దాని స్క్రీన్ గురించి ఎవరడిగినా ఇప్పటికీ మంచే చెబుతాను. అది ఓఎల్ఈడీ, అంటే ప్రతి పిక్సెల్ (తెర మీది చుక్క) తానే వెలిగే రకం కాబట్టి నల్లగా ఉండాల్సిన చోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది. రాత్రిపూట తీసిన షాట్‌లో చీకటి బూడిదరంగులోకి తిరగకుండా చీకటిగానే కనిపిస్తుంది. రంగులు సరిదిద్దే పనిలో ఉన్నవాళ్లకు దాని విలువ తెలుసు. కీబోర్డు మీద గంటల తరబడి సబ్‌టైటిల్స్ కొట్టినా వేళ్లు నొప్పి పుట్టవు. భుజాన వేసుకుని రోజంతా తిరిగినా బరువనిపించదు. ఇవన్నీ మీ ఇంజినీర్లు పడ్డ కష్టం, ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

లోపాలూ తెలుసు. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, కొన్నాక పెంచుకోవడం కుదరదు. అందుకే కొన్నప్పుడే అవసరానికి మించి తీసుకున్నాను. పెద్ద ఫైల్ ఎక్స్‌పోర్ట్‌కి పెడితే ఫ్యాన్ రొద మొదలవుతుంది, కాసేపటికి వేడి పెరిగిపోయి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మెషీన్‌ను పలుచగా చేసేకొద్దీ లోపల గాలి ఆడే చోటు తగ్గుతుంది, ఏ కంపెనీ అయినా దాన్ని పూర్తిగా తప్పించుకోలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టూల్‌బార్ లాంటిది ఏళ్లపాటు కదలకుండా ఒకే చోట ఉంటే ఓఎల్ఈడీ తెర మీద దాని మరక మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. పోర్టులన్నీ టైప్-సి కాబట్టి మెమరీ కార్డు పెట్టాలన్నా హబ్ (అదనపు పోర్టులిచ్చే చిన్న పరికరం) వెంట ఉండాలి. ఇవేవీ నా ఫిర్యాదులు కావు. తెలిసి ఒప్పుకున్నవి.

బ్యాటరీని లోపల జిగురుతో అతికించారనీ, దాన్ని నేను తీసి మార్చుకోలేననీ కూడా తెలుసు. దానికేమైనా అయితే మీరు చూసుకుంటారన్న నమ్మకంతో అదీ ఒప్పుకున్నాను. నా ఫిర్యాదంతా ఈ ఒక్క నమ్మకం గురించే.

జరిగింది ఇది. టచ్‌ప్యాడ్ కుడివైపు మూల క్లిక్ అవడం మానేసింది. ఆ తర్వాత దాని అంచు పక్కనున్న బాడీకంటే కాస్త పైకి లేచింది. వేలితో తడిమితే తెలిసిపోతుంది. బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేస్తోంది. మూత వేస్తే పూర్తిగా కూర్చోవడం లేదు. లిథియం సెల్ లోపల ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై గ్యాస్ తయారైతే, పైన గట్టి కవచం లేని ఆ సెల్ పలుచటి సంచి (పౌచ్) ఉబ్బుతుంది. చాలా లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ బ్యాటరీకి సరిగ్గా పైనే ఉంటుంది కాబట్టి తేడా మొదట అక్కడ బయటపడుతుంది. రిపేర్ పని తెలిసిన ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. వెంటనే ఛార్జర్ తీసేసి, మెషీన్ ఆపేసి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి మీకు పంపాను. వారంటీ నడుస్తూనే ఉంది.

వస్తువన్నాక పాడవుతుంది. ఇక్కడిదాకా నాకు కోపం లేదు.

చాట్‌లో దొరికిన మొదటి ఏజెంట్ టచ్‌ప్యాడ్ డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమన్నారు. బ్యాటరీ ఉబ్బిందండీ, ఆన్ చేయడానికే భయంగా ఉంది అన్నాను. “మీ ఇబ్బంది మాకు అర్థమైంది. దయచేసి సిస్టమ్ ఆన్ చేసి డ్రైవర్ అప్‌డేట్ చేయండి” అని మళ్లీ అదే పాట. నేను పంపిన ఫొటోలు చూశారా అని అడిగాను. కాసేపు జవాబు లేదు, ఆ తర్వాత చాటే కట్ అయింది. మళ్లీ తెరిస్తే ఇంకొకరు వచ్చారు. పేరేమిటి, సీరియల్ నంబర్ ఎంత, సమస్య ఏమిటి, అంతా మొదటి నుంచి. ఆయనా డ్రైవర్ దగ్గరికే వచ్చారు.

ఫోన్ చేస్తే లైన్‌లో పెట్టి, మీ కాల్ మాకెంతో ముఖ్యం అని వినిపిస్తూనే ఉంచారు. చివరికి దొరికిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట దాచను. కానీ రిమోట్‌లో చూసి రిపోర్ట్ తీయనిదే కేసు నమోదు చేయలేనన్నాడు. గత్యంతరం లేక, కిటికీ పక్కన పెట్టి, గుండె చిక్కబట్టుకుని ఆన్ చేశాను. అతను నా స్క్రీన్‌ను తన చేతిలోకి తీసుకుని బ్యాటరీ రిపోర్ట్ తెరిచాడు. “సర్, బ్యాటరీ హెల్త్ గుడ్ అని చూపిస్తోంది. బ్యాటరీలో సమస్య లేదు” అన్నాడు. బాబూ, సాఫ్ట్‌వేర్ చూసేది ఛార్జ్ ఎంత పట్టిందనే, బ్యాటరీ ఎంత మందం అయిందో దానికెలా తెలుస్తుంది, ఫొటో తెరిచి చూడు అన్నాను. “ఫొటోలు మా స్క్రీన్ మీద ఓపెన్ కావు సర్” అన్నాడు. మరి ఫొటోలు పంపమని ప్రతిసారీ మీరే ఎందుకు అడుగుతున్నారు? దీనికి మీ దగ్గర జవాబుంటే చెప్పండి.

తర్వాత మెషీన్‌ను సర్వీస్ సెంటర్‌కు కొరియర్‌లో పంపమని మెయిల్ వచ్చింది. తీసుకెళ్లాను. లోపల ఏముందని కొరియర్ వాళ్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేం తీసుకోలేమన్నారు. వాళ్లను తప్పు పట్టను. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో పంపకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది. విమానంలో మామూలుగా వెంట తీసుకెళ్లే బ్యాటరీకి 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) పరిమితి ఉందనే కదా, పెద్ద లాప్‌టాప్‌లలోనూ మీలాంటి కంపెనీలు ఆ అంకె దాటకుండా బ్యాటరీలు పెడుతున్నాయి! డిజైన్ చేసేటప్పుడు తెలిసిన నిబంధనలు సర్వీస్ దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తెలియవా? ఈ సంగతి మీ కాల్ సెంటర్‌కు చెబితే ఒకావిడ ఇచ్చిన సలహా వినండి: “బ్యాటరీ ఉబ్బిందని రాయకండి సర్, మామూలు రిపేర్ అని రాసి పంపేయండి.” ఆ పార్సిల్‌ను మోసే మనిషికి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది? ఆ కాల్ మీరు రికార్డు చేసే ఉంటారు, తెప్పించుకుని వినండి. ఇన్నింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మాటే.

పోనీ టెక్నీషియన్‌ను పంపమన్నాను. దానికి అదనపు ప్లాన్ ఉండాలన్నారు. సరే, ప్లాన్ కొంటానన్నాను. ఇప్పటికే సమస్య ఉన్న మెషీన్‌కు ప్లాన్ ఇవ్వరట. కొరియర్‌కు కుదరదు, ఇంటికి రారు, మరి నేనేం చేయాలని అడిగితే “సీనియర్‌తో మాట్లాడి కాల్ చేస్తాం” అన్నారు. ఆ కాల్ కోసం స్నానానికి వెళ్లినా ఫోన్ చేతిలో పెట్టుకుని తిరిగాను. రాలేదు. ఈలోగా నా కేసులో ఎవరో ‘భౌతిక నష్టం’ అని రాసి, వారంటీ వర్తించదన్నారు. అడుగుభాగం ఉబ్బి వంగింది కాబట్టి అది కింద పడి ఉంటుందని వాళ్ల లెక్క. గీత లేదు, సొట్ట లేదు, మూలలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. చూడకుండానే తీర్పు ఇచ్చేశారు. నేను గట్టిగా అడిగాక ఆ మాట తీసేశారు కానీ, ఎందుకు రాశారో, ఎందుకు తీశారో ఎవరూ చెప్పలేదు.

ఇంకొకరు, సర్వీస్‌కు ఇస్తే డేటా అంతా చెరిపేస్తామని ముందే హెచ్చరించారు. బ్యాటరీ మార్చడానికి నా ఫైళ్లు ఎందుకు చెరపాలి? అడిగితే “పాలసీ సర్” అన్నారు. ఆన్ చేయకూడని మెషీన్ నుంచి బ్యాకప్ ఎలా తీసుకోవాలో ఆ పాలసీలో రాయలేదు. క్లయింట్ల పని సగంలో ఆగిపోయి ఉంది, వాళ్లకు జవాబు చెప్పలేక నేను పడ్డ టెన్షన్ మీ పాలసీకి పట్టదు.

ఇంత అయ్యాక, నా నుంచి స్పందన లేదని కేసు మూసేశారు. స్పందన లేకపోవడమా? మీ మెయిల్ కిందనే ప్రతిసారీ జవాబు రాశాను. ఆ చిరునామాకు వచ్చే జవాబులు ఎవరూ చూడరని తర్వాత తెలిసింది. జవాబు ఇవ్వమని అడిగి, జవాబు చేరని చిరునామా నుంచి రాయడం ఏం పద్ధతి? ఇన్నాళ్లూ గోడకు మొరపెట్టుకున్నట్టే అయింది.

చదువుకునే రోజుల్లో నేను కొన్న మొదటి లాప్‌టాప్ మీదే. ఆ తర్వాత కొన్నవన్నీ మీవే. మా అన్నయ్య, మా చెల్లి, నాతో పనిచేసే ఎడిటర్లు మీ ప్రకటన చూసి కొనలేదు, నా మాట విని కొన్నారు. మీ లాప్‌టాప్ వేడెక్కుతుందని ఎవరైనా అంటే మీ తరఫున వాదించినవాణ్ణి. ఇప్పుడు వాళ్లే “ఏమైంది, బాగుచేశారా?” అని అడుగుతుంటే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఇన్నేళ్ల నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇదేనా?

బ్యాటరీ ఉబ్బడమంటే చిన్న విషయమని మీ ఏజెంట్లు అనుకోవచ్చు, మీరు మాత్రం అనుకోలేరు. 2006లో డెల్ దాదాపు 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాటిలోని సెల్స్ సోనీ తయారుచేసినవి, వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలింది. 2016లో శాంసంగ్ కూడా బ్యాటరీ ప్రమాదం వల్లే గెలాక్సీ నోట్ 7 ఫోన్‌ను మార్కెట్ నుంచే తప్పించింది. ఎంత పెద్ద కంపెనీలైనా ప్రమాదం బయటపడ్డాక వస్తువును వెనక్కి తీసుకున్నాయి. నేనేమీ లక్షల బ్యాటరీల సంగతి అడగడం లేదు, నా ఒక్కటి చూడమంటున్నాను. ఉబ్బిన సెల్‌కు ఏదైనా గుచ్చుకున్నా, గట్టిగా ఒత్తిడి తగిలినా లోపల షార్ట్ అయి మంట లేవచ్చు. అలాంటిదాన్ని ఇంట్లో ఒక మూల, కాగితాలకూ గుడ్డలకూ దూరంగా పెట్టుకుని, పిల్లలను అటు వెళ్లనివ్వకుండా కాపలా కాస్తున్నాం.

ఇక్కడే మీకు చెప్పాల్సిన అసలు మాట ఉంది. బ్యాటరీని స్క్రూ విప్పి తీసుకునేలా చేసి ఉంటే నేనే మార్చుకుని ఉండేవాణ్ణి, మీ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. పలుచగా, అందంగా ఉండాలని మీరు దాన్ని అతికించి మూసేశారు. అలా మూసినవాళ్లదే తెరిచే బాధ్యత. స్క్రీన్, కీబోర్డు ఎలా మీ లాప్‌టాప్‌లో భాగమో, పిలిస్తే పలికే సర్వీస్ కూడా అలాగే భాగం. డబ్బు తీసుకున్నప్పుడు దానికీ కలిపే తీసుకున్నారు.

కాబట్టి ఉబ్బిన బ్యాటరీని జాగ్రత్తగా తీయడం తెలిసిన మనిషిని నా దగ్గరికి పంపండి, లేదా ప్రమాదకరమైన సరుకును నిబంధనల ప్రకారం రోడ్డు మార్గంలో తీసుకెళ్లే ఏర్పాటు మీ ఖర్చుతో మీరే చేయండి. బ్యాటరీ, టచ్‌ప్యాడ్ మార్చాలి, నా ఫైళ్లు ముట్టుకోకూడదు. నిజానికి ఇంత జరిగాక అది చాలుతుందని కూడా నాకు అనిపించడం లేదు. మీకు చేతకాకపోతే మెషీన్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేయండి. ఆగిపోయిన నా పనికి నష్టపరిహారం సంగతి కూడా తేల్చాలి. ‘భౌతిక నష్టం’ అని రాసినవారు, అబద్ధం రాసి పార్సిల్ పంపమన్నవారు ఎవరో కనుక్కుని, మళ్లీ ఎవరికీ అలా చెప్పకుండా చూస్తామని నాకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

వారంలోగా ఒక పేరూ, జవాబు చేరే చిరునామా ఉన్న మనిషి నుంచి సమాధానం రాకపోతే వినియోగదారుల కోర్టుకు వెళతాను. చాట్‌లు, మెయిళ్లు, మీరిచ్చిన కేసు నంబర్లు, ఫొటోలు అన్నీ తేదీల వారీగా దాచి ఉంచాను. అవన్నీ అందరూ చూసేలా బయటపెడతాను కూడా. నా మాట విని మీ లాప్‌టాప్ కొన్నవాళ్లందరికీ ఈ ఉత్తరం ఇప్పటికే పంపాను. మీ సమాధానం వచ్చిన రోజు అది కూడా వాళ్లకు పంపుతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్