రక్తం తీసే ముందు నోరు చూడమనండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను శ్రీకాకుళం జిల్లాలో దంతవైద్యుణ్ణి. ఇటీవల నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ గురించి మీకు చెప్పాలి.

ఆమెది సముద్రం ఒడ్డు పల్లె. వయసు అరవై దాటింది. పన్ను కదులుతోందని వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నాలుగు మడతలు పెట్టిన రక్తపరీక్ష కాగితం. నేను అడగకముందే తీసి చూపించారు. "కొవ్వు పరీక్ష చేశారు బాబూ, చాలా తక్కువ ఉందట. గుండెకు భయం లేదన్నారు" అన్నారు, పరీక్ష పాసైన పిల్లంత సంతోషంగా. మొత్తం కొలెస్ట్రాల్ 118. పక్కనే "200 లోపు ఉండాలి" అని అచ్చు. ఆ లెక్కన అంతా బాగున్నట్టే. రెండు వరుసల కింద మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ 31 అని, ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. దాని సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నోరు తెరవమన్నాను. అంగిలి మొత్తం తెల్లబడి, మందంగా, బీటలు వారి ఉంది. ఆ తెలుపు మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. వెనక వైపు ఒకచోట వేలిగోరంత మేర ఎర్రగా రేగిన మచ్చ. ఆమె అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, నలభై ఏళ్లుగా. ఆరోగ్య శిబిరంలో ఆమెకు బీపీ చూశారు, వేలు గుచ్చి చక్కెర చూశారు, చేతి నరం నుంచి రక్తం తీశారు. నోరు తెరవమని మాత్రం ఎవరూ అడగలేదు.

మంత్రి గారూ, ఆ 118కీ ఆ తెల్లటి అంగిలికీ సంబంధం ఉండవచ్చు. అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ వైద్యులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. తల, మెడ భాగాల్లో క్యాన్సర్ వచ్చిన 184 మంది, నోట్లో క్యాన్సర్‌కు ముందు దశ లక్షణాలున్న 153 మంది, ఆరోగ్యంగా ఉన్న 52 మంది రక్తంలోని కొవ్వులను పోల్చి చూశారు. క్యాన్సర్ రోగుల్లో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ ఆరోగ్యవంతుల కంటే స్పష్టంగా తక్కువ. ముందు దశలో ఉన్నవారి కంటే కూడా వీరిలో ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు తక్కువ. పొగాకు అలవాటున్నవారిలో, లేనివారి కంటే కొవ్వులు తక్కువగా కనిపించాయి. తర్వాత దేశంలో మరికొన్ని చోట్ల దంతవైద్య కళాశాలల వాళ్లు నోట్లో తెల్లమచ్చ ఉన్నవారిలో, వక్క నమిలి నోరు బిగుసుకుపోయినవారిలో రక్తంలో కొవ్వులు తగ్గుతాయా అని పరీక్షించారు.

కారణం ఊహకు అందనిదేమీ కాదు. మన ఒంట్లో ప్రతి కణం పైపొర ప్రధానంగా కొవ్వుతోనే కట్టి ఉంటుంది, అందులో కొలెస్ట్రాల్ ఒక ముఖ్యమైన ఇటుక. కణాలు అదుపు తప్పి పెరగడం మొదలైతే ఆ ఇటుకలు రక్తం నుంచే లాక్కుంటాయి. పొగాకు పొగ కొవ్వులను పాడు చేస్తుంది. ఇక నోరు మండుతున్న మనిషి ఏం తినగలదు? కారం తగలనివ్వదు, పచ్చడి మెతుకు ముట్టదు, గంజి తాగి పడుకుంటుంది. ఆ పెద్దావిడ చేతులు చూస్తేనే తెలుస్తుంది, మణికట్టు ఎముకలు బయటికే ఉన్నాయి.

అయితే ఒక విషయం ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా లేఖ అపార్థానికి దారి తీస్తుంది. కొలెస్ట్రాల్ తక్కువగా ఉంటే క్యాన్సర్ అని ఎవరూ అనలేదు, అనకూడదు. ఆ అధ్యయనాలు చిన్నవి, ఒక్కసారి రక్తం తీసి చూసినవి. జబ్బు వల్ల కొవ్వు తగ్గిందో, తిండి లేక తగ్గిందో అవి విడదీయలేవు. రేపు ఏదో ప్రైవేటు ల్యాబ్ "నోటి క్యాన్సర్ కొవ్వు పరీక్ష" అని బోర్డు పెడితే, దాన్ని ఆపవలసింది మీరే. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట: చుట్ట, గుట్కా, ఖైనీ, వక్క అలవాటున్న మనిషికి కొలెస్ట్రాల్ తక్కువ వచ్చిందంటే అది శుభవార్త అని చెప్పి ఇంటికి పంపకండి. నోరు చూసి పంపండి.

మా జిల్లాకు ఇది కొత్త సంగతి కాదు. 1960లలో టాటా మౌలిక పరిశోధన సంస్థ బృందం దేశంలో అయిదు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా పల్లె జనం నోళ్లు పరీక్షించింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి, ఎంచుకున్నది అడ్డపొగ వల్లే. అంగిలి క్యాన్సర్ పుస్తకాల్లో మా జిల్లా ఆడవాళ్ల నోళ్ల ఫోటోలున్నాయి. ప్రపంచమంతా చదివిన ఆ నోళ్లను మన శిబిరంలో ఒక నర్సు టార్చి వేసి చూడకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

నిబంధన లేదా అంటే, ఉంది. బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటురోగాలు కాని జబ్బుల జాతీయ కార్యక్రమం కింద ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌తో పాటు నోరు కూడా చూడాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే పత్రంలో నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలైనా మానని పుండు ఉందా అన్న ప్రశ్నలున్నాయి. కానీ ఆ పత్రం నింపేటప్పుడు మాటతో అడుగుతారు, "లేదు" అంటే "లేదు" అని గుర్తు పెడతారు. ముందు దశలో నొప్పి ఉండదు కదా! ఆ పెద్దావిడను నేను అడిగినా "నోట్లో ఏమీ లేదు బాబూ" అనే చెప్పారు.

చూస్తే ఫలితం ఉంటుందనడానికి కేరళే సాక్ష్యం. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో కంటితో నోటి పరీక్ష చేయించారు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. వాళ్ల చేతిలో ఖరీదైన యంత్రమేమీ లేదు.

మన దగ్గరా ఇంటింటికీ వెళ్లగలమని మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం నిరూపించింది. కిడ్నీ జబ్బు కోసం ఊరూరా రక్తం తీశారు, పలాసలో ఆసుపత్రి కట్టారు. ఆ పట్టుదలలో పదో వంతు నోటికి చాలు. రక్తం తీసే బల్లకు ముందు మరో బల్ల వేయించండి. అక్కడ ఒక ఏఎన్ఎం (ఊళ్లో ఉండే నర్సు), ఒక టార్చి, నాలుక పక్కకు జరపడానికి చెక్క పుల్లలు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే రాసుకోవాలి, తెలుపో ఎరుపో మచ్చ కనిపిస్తే రాసుకోవాలి. ఆ రాత కొవ్వు పరీక్ష కాగితం మీదే ఉండాలి, అప్పుడే 118 చూసిన డాక్టరు దాన్ని కూడా చూస్తారు. మచ్చ ఉన్నవారిని పంపడానికి సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండాలి, ముక్క తీసి పరీక్షకు పంపే ఏర్పాటు ఉండాలి. బస్సు ఛార్జీ కూడా ఇవ్వండి. కూలి పోగొట్టుకుని విశాఖ వెళ్లమంటే ఎవరూ వెళ్లరు.

ఇంకొక్క విన్నపం. అలా మచ్చలు దొరికినవారిని వైద్య కళాశాలలతో కొన్నేళ్ల పాటు గమనింపజేయండి, ఏటా వాళ్ల రక్తంలో కొవ్వులూ తిండీ బరువూ కలిపి నమోదు చేయించండి. కొవ్వు ముందు తగ్గుతుందా, మచ్చ ముదిరాక తగ్గుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వగల జిల్లా ఇదే. గుట్కా నిషేధం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం, రెండూ ఒకే కొట్లో ఒకే చేతితో ఇస్తున్న సంగతి మీ అధికారులకు తెలుసు.

ఆ పెద్దావిడ అంగిలి నుంచి ముక్క తీసి పంపాను. ఫలితం వచ్చే సోమవారం వస్తుంది. రక్తపరీక్ష కాగితం మాత్రం ఆమె నా దగ్గర వదిలి వెళ్లలేదు. మళ్లీ నాలుగు మడతలు పెట్టి, మనవడికి చూపించాలని సంచిలో పెట్టుకుని తీసుకెళ్లారు.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక దంతవైద్యుడు