మహిళా విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. ఈ ఏడాది మాకు ఎక్కువ సమయం పట్టింది ఒక్క తగాదాకే.

మన కాలనీ కోడలొకామె పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి గేటుకు కొత్త తాళం. చంకలో పిల్లాడు, భుజాన బ్యాగు. అత్తగారు మేడ మీంచే "ఇల్లు నా పేరు మీదుంది, మావాడి పేరున కాదు" అన్నారు. ఆ మాట నిజమే. మేమూ తడబడి, "గొడవ చల్లారేదాకా అమ్మావాళ్ళింట్లో ఉండమ్మా" అని సర్దిచెప్పి పంపేశాం. అది మా పొరపాటు, నివేదికలో రాయాల్సిందే.

తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫు లాయరమ్మ వచ్చి సంగతి విడమరిచారు. 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో వాటా లేకపోయినా కోడలికి తను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కుంది. కోర్టు ద్వారా తప్ప ఖాళీ చేయించకూడదు. అత్తగారి సొంత ఇంటికి ఇది వర్తించదని 2006లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు అంది. మన పెద్దమనుషులు ఇప్పటికీ ఆ పాత మాటే పట్టుకున్నారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదని తేల్చింది. నాలుగు రోజులు చుట్టపుచూపుగా ఉంటే కాదు గానీ, స్థిరంగా కాపురం చేస్తే ఇల్లు ఎవరి పేరునున్నా సరే.

అయితే ఇది ఉండే హక్కే, వాటా కాదు. ముసలివాళ్ళ ఇబ్బందినీ కోర్టు చూస్తుంది. అవసరమైతే వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశిస్తుంది. "అయితే నన్ను బయటికి పంపుతారా?" అని సభలో ఒక పెద్దావిడ అడిగారు. ఇల్లు వదిలి వెళ్ళమనే ఉత్తర్వు ఆడవాళ్ళ మీద ఇవ్వకూడదని 19వ సెక్షన్‌లోనే ఉందని చెప్పాకే ఆవిడ టీ గ్లాసు అందుకున్నారు.

ఆ కోడలి ఆధార్, గ్యాస్ పుస్తకం, పిల్లాడి బడి ఫీజు రశీదు, అన్నిటి మీదా ఆ ఇంటి చిరునామాయే. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పడింది. మూడు రోజుల్లో మొదటి వాయిదా అని చట్టంలో ఉంది, మాకు వారాలు పట్టింది. మధ్యంతర ఉత్తర్వుతో ఆమె ఇప్పుడు మేడగదిలో ఉంటోంది, పొయ్యి వేరు. అత్తాకోడళ్ళకు మాటల్లేవు. పిల్లాడు మాత్రం రెండు వంటిళ్ళలోనూ తింటున్నాడు.

కేసు నడుస్తోంది. జిరాక్సులకీ ఆటోలకీ అయిన ఖర్చు రశీదులు కోశాధికారి దగ్గరున్నాయి.