నీలం వారు ఓడిపోయిన లెక్క

తిరుపతి
ఆదివారం మధ్యాహ్నం

ఒరే శీనా,

జాబు రాయడం ఆలస్యమైంది, తిట్టుకో. నువ్వు తిట్టే తిట్టు నాకు తెలుసు గానీ కాగితం మీద పెట్టకు, మా ఇంట్లో ఉత్తరాలు అందరూ చదువుతారు. ఇక్కడంతా క్షేమం. పాపకు జ్వరం తగ్గింది. మిద్దె మీద గది పని సగంలో ఆగింది, మేస్త్రీ మన 'పెద్దమనిషి' టైపే. ఇంక అర్థం చేసుకో.

అసలు సంగతికొస్తా. '1969 రాష్ట్రపతి ఎన్నికలో గిరిగారికి ఓట్లు ఎక్కువొచ్చినాయి, సంజీవరెడ్డిగారికి తక్కువొచ్చినాయి, ఇందులో అంత రాద్ధాంతం ఏముంది' అని రాసినావు చూడు, అది చదివినప్పటి నుంచి చెయ్యి దురద పెడతా ఉంది. ఉందిరా సామీ, చాలా ఉంది!

ముందు మనుషుల్ని చూడు. ఇద్దరూ మనవాళ్ళే. గిరి బరంపురంలో పుట్టిన తెలుగాయన, సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు. మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోయినాడు. ఉపరాష్ట్రపతి గిరి ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నాడు. జులై 19న బ్యాంకుల జాతీయం ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రెండు పదవులూ వదిలేసి పోటీకి దిగినాడు. అప్పుడు రాష్ట్రపతీ లేడు, ఉపరాష్ట్రపతీ లేడు! సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాను ఆగస్టు 24 దాకా కూర్చోబెట్టినారు. కాంగ్రెసు అభ్యర్థి సంజీవరెడ్డి. ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరమ్మే చివరికి 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం ఓటెయ్యండి అన్నది. ఈ ఎన్నికకు విప్, అంటే ఫలానావాళ్ళకే వేయాలనే పార్టీ ఆదేశం, ఉండదు, రహస్య ఓటు, కాబట్టి ఆ మాట గిరికి పనిచేసింది.

ఇక లెక్క. కాగితం, పెన్సిలు తీసుకో.

ఇక్కడ ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలే. మనిషికో ఓటు కాదు, ప్రతి ఓటుకూ ఒక విలువ. మొన్నటి 2022 లెక్కే చెప్తా. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించు, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగించు. మా ఆంధ్రప్రదేశ్‌కు 2 కోట్ల 78 లక్షల జనం, 175 మంది ఎమ్మెల్యేలు: 159. అంటే నగరి ఎమ్మెల్యే ఓటు 159, పక్కనే తమిళనాడులో ఉన్న మీ తిరుత్తణి ఎమ్మెల్యే ఓటు 176! ఎగరొద్దు. ఆ జనాభా ఇప్పటిది కాదు, 1971 నాటిది. పిల్లల్ని తక్కువగా కన్న రాష్ట్రాలు నష్టపోకూడదని అక్కడే బిగించి పెట్టినారు. దేశంలోని ఎమ్మెల్యేల విలువంతా కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. అంతకు ముందు 708 ఉండేది. 2022లో జమ్ము కశ్మీరుకు అసెంబ్లీ లేదు కాబట్టి 700కు దిగింది. నామినేటెడ్ సభ్యులకు ఓటే లేదు.

ఇక ఓటు వేసే పద్ధతి. ఎంపీకి ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేకు గులాబీ. గుర్తుల్లేవు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి, అదీ ఈమధ్య నుంచి వాళ్ళిచ్చిన పెన్నుతోనే. 1 వేయకపోయినా, ఇద్దరికి 1 వేసినా ఆ కాగితం చెత్తబుట్టకే. 1 ఒక్కటే వేసి ఊరుకుంటే ఓటు చెల్లుతుంది. ఇది గుర్తుపెట్టుకో, దీంతో పని ఉంది.

1969లో అభ్యర్థులు 15 మంది. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవాలంటే సగానికి పైన ఒకటి, అంటే 4,18,169 రావాలి. గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ రాలేదు! గిరికి ఇంకా 16,654 తక్కువ. అప్పుడు అట్టడుగున ఉన్నవాణ్ణి తీసేసి, అతని కాగితాల్లో తర్వాతి అంకె ఎవరికుంటే ఆ కట్టలో వేస్తారు. అట్లా ఒక్కొక్కర్నీ తీస్తూ దేశ్‌ముఖ్ దాకా వచ్చినారు.

ఇప్పుడు చూడరా తమాషా. దేశ్‌ముఖ్ వెనకున్నవి జనసంఘ్, స్వతంత్ర పార్టీలు. రెండో అంకె రెడ్డికి వేయమని కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప వాళ్ళను అడిగినాడు. వాళ్ళు వేసినారు కూడా. అట్లా చేతులు మారిన ఓట్లలో రెడ్డికి వచ్చినవి 91,879, గిరికి 18,562. దాదాపు ఐదింతలు! అయినా చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. గీత మీద గిరికి మిగిలింది 1,908. రెండో అంకె లేక యాడికీ చేరకుండా ఆగిపోయినవి 10,833. అవన్నీ రెడ్డికే పడినా గిరిని దాటలేడు, అది వేరే సంగతి. కానీ నువ్వన్నట్టు 'ఎక్కువొచ్చినాయి, అయిపోయింది' కాదు కదా! పైగా జనసంఘ్ మద్దతు అడిగినందుకే ఇందిరమ్మ వర్గానికి ఆయుధం దొరికింది. రెండో అంకె కోసం పోయి మొదటి అంకెలు పోగొట్టుకున్నారు, నా లెక్కలో అంతే.

ఎనిమిదేళ్ళకు అదే సంజీవరెడ్డి, 1977లో, ఒక్క ఓటూ పడకుండానే రాష్ట్రపతి అయినాడు. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. 1974లోనే పదిమంది ప్రతిపాదించాలి, పదిమంది బలపరచాలి అని నిబంధన తెచ్చినారు. ఇప్పుడు అది యాభై, యాభై, డిపాజిట్ 15,000. ఆయన జులై 25న ప్రమాణం చేసినాడు, అప్పటినుంచి అందరూ అదే తేదీ.

మీ రాధాకృష్ణన్ గారి గురించి మళ్ళీ గొప్పలు రాయకు. 1960లో మా చిత్తూరు జిల్లా వదిలి పోతూ మీ తిరుత్తణి వాళ్ళు ఆయన పుట్టిన ఊరిని తీసుకుపోయినారు, సరే. చిన్నప్పుడు చదివింది మా తిరుపతి మిషన్ బడిలో. ఆ సగం మాది. ఇడ్లీ పందెం ఇంకా బాకీ ఉన్నావు నువ్వు.

ఇంకోటి చెప్పాలి, 1986 పోస్టాఫీసు బిల్లు. జనం ఉత్తరాలు ప్రభుత్వం విప్పి చూడొచ్చని పార్లమెంటు పాస్ చేస్తే, అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టలేదు, తిప్పీ పంపలేదు. సంతకానికి గడువంటూ రాజ్యాంగంలో లేదు చూడు, అందుకే ఆయన దాన్ని... ఉండు, మా బావమరిది తిరుత్తణికి బయల్దేరినాడు, ఈ కవరు వాడికే ఇవ్వాలి, కింద హారన్ కొడతా ఉన్నాడు. మిగతాది

నీ
రమణ