కరెంటు బొమ్మలున్న పుస్తకం జైలు గేటు దాటకూడదా?

సంపాదకులకు నమస్కారం.

నేను విద్యుత్ శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేశాను. చివరి పద్నాలుగేళ్లు, కరెంటు ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంత వెళ్లాలో చూసుకునే లోడ్ డెస్పాచ్ సెంటర్‌లో షిఫ్ట్ ఇంజినీరుని. రిటైరయ్యాక, రెండేళ్లుగా ప్రతి శనివారం ఒక జైలుకి వెళ్లి ఖైదీలకు చదువు చెబుతున్నాను. ఏ జైలో రాయను. అక్కడి సిబ్బంది నన్ను ఏనాడూ అమర్యాదగా చూడలేదు. వాళ్లను నిందించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

జైల్లో ఎవరు చదువుతారులే అని బయట అనుకుంటారు. నేనూ అనుకున్నాను. లోపల దినపత్రిక ఒకటి వస్తే టెండరు నోటీసులతో సహా చదువుతారు. అక్షరాలు రానివాళ్ల కోసం ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరతారు. బ్యారక్‌లో రాత్రంతా లైటు ఆర్పరు కాబట్టి సాయంత్రం తాళాలు పడ్డాక కూడా చదివేవాళ్లు చదువుతూనే ఉంటారు. డిటెక్టివ్ నవలలకు చివరి పేజీలు ఊడిపోయి ఉంటాయి, హంతకుడెవరో ముందు చదివినవాళ్లను అడిగి తెలుసుకోవాలి. భక్తి పుస్తకాలకు మాత్రం కొదవలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అవే పట్టుకెళ్లాను. మోటారు వైండింగ్ మీదో, ట్రాక్టర్ రిపేరు మీదో, రేపు బయటికొచ్చాక బతుకుతెరువుకి పనికొచ్చే పుస్తకం ఆ బీరువాల్లో ఒక్కటి కనబడలేదు.

అక్కడ ఐటీఐలో వైర్‌మన్ కోర్సు చదివిన కుర్రాడొకడున్నాడు. ఒక రాత్రి కరెంటు పోయి బ్యారక్ చీకటైందట. శనివారం నేను వెళ్లగానే అడిగాడు: "సార్, ఎక్కడో ఒక లైను ట్రిప్పయితే రాష్ట్రాలకు రాష్ట్రాలే చీకటైపోతాయంటారు. అదెట్లా?"

2012 సంగతి చెప్పాను. జూలై 30 తెల్లవారుజామున రెండున్నరకి ఉత్తర గ్రిడ్, అంటే ఉత్తరాది రాష్ట్రాల విద్యుత్ కేంద్రాలనూ లైన్లనూ కలిపే వల, కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పోయాయి. అరవై కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం అది. రెండు రోజులూ కథ బీనా–గ్వాలియర్ 400 కేవీ లైనుతోనే మొదలైంది. ఆ లైనుకి ఫాల్ట్, అంటే షార్టులాంటి లోపం, ఏమీ లేదు. లోడు పెరిగి ఓల్టేజీ తగ్గేసరికి, లైనుకి కాపలా ఉండే రిలే అనే పరికరం దాన్నే ఫాల్ట్ అనుకుని లైను తీసేసింది. దాని బరువు పక్క లైన్ల మీద పడి అవీ వరసగా పోయాయి. కుర్రాడు వెంటనే, "పాడె మోసే నలుగురిలో ఒకడు భుజం తప్పిస్తే మిగతా ముగ్గురూ తూలినట్టా సార్?" అన్నాడు. ట్రైనీ ఇంజినీర్లకు నేను ఇంత సూటిగా చెప్పిన గుర్తు లేదు.

మరి మన దక్షిణాది ఎలా నిలబడింది అన్నాడు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో తాల్చేర్–కోలార్, గాజువాక, భద్రావతి లాంటి డీసీ లింకులతోనే కలిసి ఉండేది. డీసీ అంటే ఒకే దిశలో పారే కరెంటు. మామూలు ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అది ఫ్రీక్వెన్సీ. డీసీలో అటు ఫ్రీక్వెన్సీ ఇటు రాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ కలిశాం. అప్పటినుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. ఇప్పుడు ఎవరి భుజం తప్పినా ఆ కుదుపు అందరికీ తెలుస్తుంది.

అక్కణ్ణుంచి స్టెబిలిటీలోకి, అంటే కుదుపు తగిలినా గ్రిడ్ నిలదొక్కుకోవడంలోకి, వెళ్లాం. దగ్గర్లో లైను షార్టయితే జనరేటర్ తన పవర్ బయటికి పంపలేదు, టర్బైన్ మాత్రం తోస్తూనే ఉంటుంది. జనరేటర్‌లో తిరిగే భాగం, రోటర్, ముందుకు ఉరుకుతుంది. సెకనులో పదో వంతుకల్లా బ్రేకర్ అనే పెద్ద స్విచ్చి ఆ లైనుని విడదీస్తే, ఊయల వెనక్కి వచ్చినట్టు వచ్చి, నాలుగు ఊపులూగి సర్దుకుంటుంది. ఆలస్యమైతే మిగతా జనరేటర్లతో అడుగు తప్పుతుంది, ఇక పట్టుకోలేం. ఎంత ఆలస్యం వరకు తట్టుకుంటుందో ముందుగా లెక్కకట్టడమే మేం చేసే స్టెబిలిటీ స్టడీ. ఇది ఒక శనివారంలో తేలే పాఠం కాదు. అందుకని నాలుగు నెలలు కూర్చుని తెలుగులో 64 పేజీల నోట్సు చేత్తో రాశాను, బొమ్మలతో సహా.

అది గేటు దగ్గర ఆగిపోయింది. "సర్క్యూట్ బొమ్మలున్నాయి, పైనుంచి అనుమతి రావాలి" అన్నారు. భద్రత వాళ్ల బాధ్యత, కాదనను. కానీ అందులో జైలు వైరింగ్ లేదు, కంచె లేదు, తాళం లేదు. ఆ మాటే అర్జీలో రాసిచ్చాను. రెండుసార్లు గుర్తు చేశాను. ఐదు నెలలైంది. కుదరదని కూడా ఎవరూ రాసివ్వలేదు.

దీనికి పూర్తిగా తిరగేసిన కేసు ఒకటి అరవై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టుకి వెళ్లింది. విచారణ లేకుండా నిర్బంధించే వీలున్న డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద బొంబాయి జైల్లో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి అణువు గురించి మరాఠీలో ఒక సైన్సు పుస్తకం రాసి, అచ్చుకోసం బయటికి పంపనివ్వమని అడిగాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1965 సెప్టెంబరులో కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. అణువు మీద పుస్తకం జైల్లోంచి బయటికి రాగలిగిన దేశంలో, గ్రిడ్ మీద నోట్సు లోపలికి వెళ్లడానికి ఏమిటి అడ్డు? ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 64వది, ప్రతి జైల్లోనూ వినోదానికీ విద్యకీ పనికొచ్చే పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలంటుంది.

నేను కోరేది పెద్దదేం కాదు. ఏ పుస్తకం లోపలికి పనికిరాదో జైళ్ల శాఖ ముందే రాసి గేటు దగ్గర అంటించాలి. ఆపిన పుస్తకానికి నెలలోపు కారణం రాసివ్వాలి. ఐటీఐ ట్రేడు పుస్తకాలు, తెలుగు అకాడమీ సైన్సు పుస్తకాలు ప్రతి జైలు గ్రంథాలయంలోనూ ఒక అరనిండా ఉండాలి. ఈ ఉత్తరం చదివిన ఇంజినీర్లు, ఐటీఐ మాస్టార్లు తమ ఇంట్లో అటక మీదున్న పాత పుస్తకాలు ఇవ్వగలరు. కానీ ముందు గేటు దగ్గర దారి ఉండాలి.

పోయిన శనివారం ఆ కుర్రాడు ఇంకో ప్రశ్న వేశాడు. గ్రిడ్ మొత్తం పోయాక మళ్లీ లేపేటప్పుడు జలవిద్యుత్ కేంద్రాలనే ముందు ఎందుకు నడుపుతారని. థర్మల్ స్టేషన్‌కి తన పంపులు, ఫ్యాన్లు తిరగడానికే బోలెడు కరెంటు కావాలి. జలవిద్యుత్ కేంద్రానికి చిన్న డీజిల్ సెట్ ఉంటే చాలు, నీళ్లు వదిలితే లేస్తుంది. ఇంతలో టైమైపోయిందని వార్డరు పిలిచాడు, మిగతాది చెప్పలేకపోయాను. అది బొమ్మతో సహా నోట్సులో 41వ పేజీలో ఉంది.

– ఒక విశ్రాంత లోడ్ డెస్పాచ్ ఇంజినీరు, హైదరాబాద్