చాట్‌బాట్ తీసేశాం, పాత హింట్లే ఉంటాయి

మా ఫిజిక్స్ ట్యూటర్ వాడుతున్న పిల్లలకు, తల్లిదండ్రులకు, లెక్చరర్లకు నమస్కారం.

యాప్‌లో 'డౌట్ అడుగు' బటన్ కనిపించడం లేదని చాలామంది ఫోన్ చేస్తున్నారు. అది పాడవలేదు, మేమే తీసేశాం.

ఆ బటన్ వెనక ఉన్న చాట్‌బాట్‌ని బయటి కంపెనీ నుంచి తీసుకున్నాం. మేం పెట్టిన షరతు ఒక్కటే: జవాబు చెప్పేయకూడదు, తప్పు దగ్గర ఆపి ఎదురు ప్రశ్న వేయాలి. సంక్రాంతి తర్వాత వాళ్లు మాకు మాటైనా చెప్పకుండా లోపలి ఏఐ మోడల్ మార్చేశారు. గుంటూరు నుంచి ఒక లెక్చరర్ గారు స్క్రీన్‌షాట్ పంపేదాకా మాకు తెలియదు. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తు దగ్గర త్వరణం ఎంత? అమ్మాయి 'సున్నా' అని కొట్టింది. 'వెరీ గుడ్! అక్కడ వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా' అంది బాట్. రెండూ సున్నా అయితే బంతి కిందికి రాకుండా అక్కడే వేలాడాలి కదా! అక్కడ కూడా త్వరణం కిందివైపు 9.8 మీ/సె² ఉంటుంది. ఫస్టియర్ పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మేం ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది కూడా ఇలాంటి తప్పుల కోసమే.

కంపెనీవాళ్లను అడిగితే, 'పిల్లలు ఇప్పుడు ఎక్కువసేపు చాట్ చేస్తున్నారు కదా సార్' అన్నారు. ఒళ్లు మండింది.

అయినా తీసేయడానికి చాలా మథనపడ్డాం. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. పైగా ఇప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది 'ఏఐ ఉందా?' అనే. లేదంటే ఫోన్ పెట్టేసేవాళ్లూ ఉన్నారు. పెట్టేయనివ్వండి.

పాత పద్ధతి మీకు తెలిసిందే. బలాల బాణాలు గీస్తే ఒప్పు ఆకుపచ్చ, తప్పు ఎరుపు. అమెరికా నేవల్ అకాడమీలో వాడిన ఆండీస్ అనే ఫిజిక్స్ ట్యూటర్ సాఫ్ట్‌వేర్‌ది కూడా ఇదే దారి. చెయ్యి వదిలిన బంతికి ఎవరైనా పైకి బాణం గీస్తే మా ట్యూటర్ 'ఈ బలం ఏ వస్తువు ఇస్తోంది?' అని అడుగుతుంది. పిల్లలు కాసేపు ఆలోచించి వాళ్లే చెరిపేస్తారు. ఆ ఒక్క వాక్యం కోసం మా లెక్చరర్లతో ఎంత వాదించుకున్నామో! ఏ బాటూ రాసింది కాదది.

యాంత్రిక శాస్త్రం, విద్యుత్తు చాప్టర్లకు హింట్లు పూర్తిగా ఉన్నాయి. కాంతి, ఉష్ణగతిక శాస్త్రాలకు ఇంకా రాస్తున్నాం, అప్పటిదాకా వాటిలో ప్రశ్నలు మాత్రమే ఉంటాయి. చాట్ కోసం అదనంగా కట్టిన డబ్బు ఈ నెలాఖరులోగా మీ ఖాతాలో పడుతుంది, అడగక్కర్లేదు. కాంతి చాప్టర్లలో మీ పిల్లలు పదేపదే చేసే తప్పులేవో లెక్చరర్లు రాసి పంపితే ముందు వాటికే హింట్లు రాస్తాం.