ఆ పాత లాప్‌టాప్‌లో ఏం వేసుకోవాలంటే...

ఒరేయ్ రమణా,

ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు కాబట్టి రాసే పంపిస్తున్నాను. నీ పాత లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, నిజమే. దాని ప్రాసెసర్ ఇంటెల్ సెవెన్త్ జనరేషన్. విండోస్ 11 దాదాపుగా ఎయిత్ నుంచే ఒప్పుకుంటుంది. అంతమాత్రానికి దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తావా? 8 జీబీ ర్యామ్ ఉంది, ఎస్ఎస్‌డీ వేయించావు. విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లినక్స్‌కి అది ఎక్కువే.

మీ బావమరిది ఆర్చ్ అనే లినక్స్ రకం వేసుకోమన్నాడా! వాడి వయసుకి సరదాగానే ఉంటుంది. అందులో వెర్షన్లంటూ ఉండవు, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, ఎక్కించే ముందు వాళ్ల ప్రకటనలు చూసుకోవాలి. నువ్వు కరెంటు బిల్లు మెసేజే చదవవు. ఫెడోరా అనే ఇంకో రకం మంచిదే గానీ ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు 13 నెలలే.

నా మాట విని లినక్స్ మింట్ వేసుకో, సినమన్ ఎడిషన్. సినమన్ అంటే తెర మీద కనిపించే రూపం పేరు. మింట్ 22 సిరీస్‌ని ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 వెర్షన్ మీద కట్టారు, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది, చెల్లెమ్మ కూడా వెతుక్కోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ ముందే ఉంటాయి. వర్డ్ ఫైళ్లలో టేబుళ్లు అక్కడక్కడా జరుగుతాయి, అది మాత్రం భరించాలి. వేసిన రోజే అందులో ఉండే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ ఆన్ చెయ్యి. ఏ అప్‌డేట్‌తోనైనా తేడా వస్తే సిస్టమ్‌ని పాత స్థితికి తీసుకెళ్తుంది. నీ ఫైళ్లు, ఫొటోలు మాత్రం అందులోకి రావు, వాటికి బ్యాకప్ వేరేగా చూసుకోవాలి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ అలవాటైతే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి.

షాపులో కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్లకు. పెళ్లి కార్డులన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు, లినక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ట్యాలీ కూడా విండోస్ ప్రోగ్రామే. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ పెట్టి నడిపిస్తామనేవాళ్లు ఉంటారు, ముహూర్తాల సీజన్లో నీకా టెన్షన్ ఎందుకు? ఇంట్లో లాప్‌టాప్‌లో మాత్రం విండోస్, మింట్ రెండూ పక్కపక్కన పెట్టకు, మింట్ ఒక్కటే ఉంచు. రెండుంటే రెండిటినీ చూసుకోవాలి.

ముందు ఎస్ఎస్‌డీ ముట్టుకోకుండా మింట్‌ని పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూడు. వైఫై, సౌండ్, ప్రింటర్ సరిచూసుకో. మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందో లేదో తప్పకుండా చూడు, పాత లాప్‌టాప్‌లు ఎక్కువగా పేచీ పెట్టేది అక్కడే. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చెయ్యి.

పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు, విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో దాంట్లోకి మింట్ ఎక్కించుకోవచ్చు. అందులో ముందున్నదంతా చెరిగిపోతుంది, పాప పుట్టినరోజు వీడియోలున్న పెన్‌డ్రైవ్ గుచ్చేవు!

నీ
శీను