గ్లైడర్లకూ హారన్ పెట్టండి

సంపాదకులకు,

కైలాసగిరి మీద గద్దలు రెక్కలాడించకుండా తిరుగుతుంటే నాకు కాలేజీ రోజుల్లో ఎక్కిన గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) గుర్తొస్తుంది. ముందు అద్దం మీద టేపుతో అంటించిన జానెడు ఉన్ని దారం, అది గ్లైడర్ పక్కకి జారుతోందని చెబుతుందేగానీ స్టాల్ సంగతి చెప్పదు. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదండీ (అసలు ఇంజినేదీ!), ఎదురుగాలికి రెక్క మరీ ఏటవాలై, సుమారు 15 డిగ్రీలు దాటేసరికి లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, పడిపోవడం. గ్లైడర్‌ని పక్కకి 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పితే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే స్టాల్ అయ్యే వేగం) 41 శాతం పెరుగుతుంది. దిగేముందు ఆఖరి మలుపులో అలా స్టాల్ అయితే సర్దుకోడానికి కింద ఎత్తు మిగలదు. చిన్న ఇంజిన్ విమానాల్లో స్టాల్ దగ్గరపడితే హారన్ మోగుతుంది, చాలా గ్లైడర్లలో అదీ లేదు. రెక్కల వణుకు చాలు తెలిసిపోతుంది అంటారు, టెన్షన్‌లో కొత్తవాడికి తెలుస్తుందా? కనీసం శిక్షణ గ్లైడర్లకైనా హారన్ తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం